వోల్టులు కాదు, వాట్లు చూపండి

కంపనాల నుంచి విద్యుత్తు తీసే పరికరాల మీద పరిశోధన పత్రం ఏది చేతికొచ్చినా నేను ముందుగా వెతికేది ఒక్కటే: ఎంత నిరోధాన్ని కలిపి కొలిచారన్నది. సారాంశంలో ఘనంగా కనిపించేది తరచుగా ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీయే, అంటే ఏ నిరోధమూ కలపకుండా కొలిచినదే. వంటింటి గ్యాస్ లైటర్‌లోని పీజో (నొక్కినా వంచినా విద్యుదావేశం పుట్టించే పదార్థం) ముక్క కూడా ఒక్క దెబ్బకు వేల వోల్టులు పుట్టిస్తుంది, కానీ అందులో కదిలే ఆవేశం అత్యల్పం కనుక దానితో చిన్న బల్బును సైతం నిలకడగా వెలిగించలేము.

1880లో జాక్, పియరీ క్యూరీ సోదరులు క్వార్ట్జ్ వంటి స్ఫటికాలలో గుర్తించిన ఈ పీజో ధర్మం నేడు ప్రధానంగా పీజడ్‌టీ అనే సిరామిక్‌లో, పీవీడీఎఫ్ అనే పాలిమర్ పొరలో వినియోగమవుతోంది. అంతే బలానికి పీజడ్‌టీ క్వార్ట్జ్ కంటే వంద రెట్లకు పైగా ఆవేశం ఇస్తుంది, అయితే అది పెళుసు, పైగా దాని బరువులో అరవై శాతానికి మించి సీసమే. పీవీడీఎఫ్ ఆవేశం తక్కువే ఇచ్చినా, పర్మిటివిటీ (ఆవేశాన్ని నిల్వ ఉంచుకునే గుణం) బాగా తక్కువ కావడం వల్ల వోల్టేజీ ఎక్కువగా చూపుతుంది, చర్మం మీద వంగుతుంది. అందుకే నాడిని పసిగట్టే సెన్సర్‌కు అది నప్పుతుంది. రెండింటినీ ‘స్మార్ట్ మెటీరియల్స్’ అంటూ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు.

అసలు చిక్కు అనునాదం (రెజొనెన్స్) దగ్గర వస్తుంది. పీజడ్‌టీ అతికించిన సన్నని లోహపు పట్టీకి ఒక కొనను బిగించి, రెండో కొనకు చిన్న బరువు తగిలిస్తే, అది తన స్వాభావిక పౌనఃపున్యం వద్దే బాగా ఊగుతుంది, కొన్ని హెర్ట్జ్‌లు తప్పితే చతికిలబడుతుంది. నాలుగు పోల్స్ ఇండక్షన్ మోటారు నిమిషానికి సుమారు 1,440 చుట్లు తిరుగుతుంది, అంటే 24 హెర్ట్జ్. కానీ మోటారు మోసే పని భారం మారితే అదీ మారుతుంది. మన 50 హెర్ట్జ్ సరఫరాలో అయస్కాంత బలాల వల్ల పుట్టే 100 హెర్ట్జ్ కంపనం మాత్రం గ్రిడ్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, పట్టీని దానికే ట్యూన్ చేయడం మంచిదని నా అభిప్రాయం.

పట్టీ కెపాసిటెన్స్ 10 నానోఫారడ్‌లు అనుకుంటే, 100 హెర్ట్జ్ వద్ద దానికి తగిన లోడు, అంటే కలపాల్సిన నిరోధం, దాదాపు 160 కిలోఓములు. అక్కడ 5 వోల్టుల ఆర్ఎంఎస్ (మారుతుండే వోల్టేజీకి సమానమైన స్థిర విలువ) దక్కినా వచ్చేది సుమారు 156 మైక్రోవాట్లే. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్‌లో సగం పోయినా నిమిషానికి నాలుగు మిల్లీజౌళ్లకు పైగా కెపాసిటర్‌లో చేరుతాయి. ఎక్కువసేపు నిద్రపోతూ, అప్పుడప్పుడు మేల్కొని బేరింగు వేడినో కంపనాన్నో రేడియోలో పంపే సెన్సర్‌కు అది చాలు. ఫోను చార్జింగుకు మాత్రం ఎందుకూ కొరగాదు.

ఇక మన్నిక సంగతి. 100 హెర్ట్జ్ అంటే పట్టీ రోజుకు 86,40,000 సార్లు ఊగుతుంది. బిగించిన కొన దగ్గర సిరామిక్‌లో పగులు, అతికించిన ఎపాక్సీలో సడలింపు మొదలయ్యేది అక్కడే కాబట్టి, గంటసేపు ప్రయోగశాలలో గీసిన గ్రాఫు పక్కన నెలల తరబడి మోటారు మీదే ఉంచి తీసిన కొలతలు కూడా ఇవ్వాలి.