పదిహేడేళ్ల తర్వాత మళ్ళీ మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్

నేను టెన్త్ పాసయ్యింది 2007లో, నరసరావుపేట దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియం. ఇంటర్లో బైపీసీ తీసుకుంది బోటనీ మీద ప్రేమతో కాదు, లెక్కలు తప్పించుకోడానికి. తర్వాత డిగ్రీ, పెళ్ళి, హెచ్4 డిపెండెంట్ వీసా మీద డల్లాస్ పక్కకి రావడం, పిల్లాడు. వాడు స్కూల్‌కి పోవడం మొదలెట్టాక కమ్యూనిటీ కాలేజీలో ఏదన్నా చదువుదామని వెళ్తే అడ్వైజర్ నా కాగితాలన్నీ చూసి, మీరు చేరాలనుకునే కోర్సుకి ముందు మ్యాథ్ 1314 ఉండాలి అంది. అదేంటమ్మా అంటే కాలేజ్ ఆల్జీబ్రా. టెక్సాస్‌లో ఏ కమ్యూనిటీ కాలేజీకి పోయినా దాని నంబర్ అదే. తప్పించుకున్నా అనుకున్నది ఇన్నేళ్లాగి, ఇంత దూరం వచ్చి మరీ పట్టుకుంది.

ప్లేస్‌మెంట్ టెస్టు బొటాబొటీగా గట్టెక్కా. క్లాస్ మొదలైన మొదటి వారం అంతా నాకు లెక్కల కంటే మాటలే కష్టమయ్యాయి. మా ప్రొఫెసర్ ఆవిడ బోర్డు మీద ఫంక్షన్, డొమైన్, రేంజ్ అని గబగబా చెప్పుకుంటూ పోతుంటే నేను బిక్కమొహం వేసుకుని కూర్చున్నా, ఇంటికొచ్చి బుక్ తీసి ఆ బాణాల బొమ్మ చూశాక అప్పుడు వెలిగింది, ఓరి ఇది ప్రమేయం కదా, ప్రదేశం, వ్యాప్తి, సమితుల తర్వాత వచ్చే పాఠం! పాలినామియల్ అంటే బహుపది, కోఎఫిషియంట్ అంటే గుణకం, లాగరిథమ్ అంటే సంవర్గమానం. నోట్సులో ఒక పేజీ మొత్తం ఇలా రెండు వరసల్లో రాసి పెట్టుకున్నా, సెమిస్టర్ అయ్యేదాకా ఆ పేజీ చాలా కాపాడింది. ఒక్క అకరణీయ సంఖ్య దగ్గర మాత్రం ఎప్పుడూ తికమకే, ఎందుకంటే మనకి ముందు "అ" ఉన్నది రేషనల్, ఇంగ్లీషులో ముందు "ఇర్" ఉన్నది కరణీయం, అంతా ఉల్టా.

చిన్న చిన్న తేడాలు ఇంకా ఉన్నాయి. మనకి సరళరేఖ అంటే వై ఈక్వల్ టు ఎమ్ ఎక్స్ ప్లస్ సి. వీళ్లకి ఆ సి ప్లేస్‌లో బి ఉంటుంది. లెక్కలో ఏది ముందు ఏది తర్వాత చెయ్యాలో చెప్పే మన బోడ్‌మాస్ వీళ్లకి పెమ్‌డాస్. బ్రాకెట్ అంటే వీళ్లకి చదరపు బ్రాకెట్టే, గుండ్రటి దాన్ని పేరెంథసిస్ అంటారు, ఇది తెలీక ఒక రోజు క్లాసులో నేను ఒకటి చెప్తే ఆవిడ ఇంకొకటి రాసింది.

బుక్ విషయానికొస్తే మాకు పెట్టింది ఓపెన్‌స్టాక్స్ కాలేజ్ ఆల్జీబ్రా. హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీ వాళ్లది, పీడీఎఫ్ ఫ్రీ, వెబ్‌లో కూడా చదువుకోవచ్చు. ఇక్కడ టెక్స్ట్‌బుక్‌ల రేట్లు చూసినవాళ్లకి ఆ ఫ్రీ అనే మాట విలువ తెలుస్తుంది. మొత్తం 9 చాప్టర్లు. ప్రతి ఎగ్జాంపుల్ కిందా "ట్రై ఇట్" అని అలాంటిదే ఇంకో లెక్క ఇస్తాడు, వెనక బేసి నంబర్ల లెక్కలకి ఆన్సర్లు ఉంటాయి. మొదట్లో నేను ఆ బుక్ సరిగ్గా తెరవనే లేదు. ఎందుకంటే వీడియోలు ఉన్నాయిగా. గిన్నెలు తోముకుంటూ ఖాన్ అకాడమీ వీడియోలు పెట్టుకునేదాన్ని, అందులో సాల్ ఖాన్ అనే ఆయన నల్ల బోర్డు మీద రంగుల్లో రాస్తూ ఎంత నిదానంగా చెప్తాడంటే అన్నీ అర్థమైపోయినట్టే ఉంటుంది, తల ఊపుతూ వీడియో తర్వాత వీడియో చూసేశా. ఇంకోటి, ఫోటో తీస్తే స్టెప్పులతో సహా చేసిచ్చే యాప్ ఒకటి మావారు ఫోన్లో వేసి పెట్టారు, హోంవర్క్‌లో ఎక్కడ ఆగితే అక్కడ క్లిక్. హోంవర్క్ మార్కులు 95కి తగ్గేవి కాదు.

ఫస్ట్ టెస్టులో 58 వచ్చింది.

పేపర్ ఇంటికి తెచ్చుకుని చూస్తే తెలీని లెక్క ఒక్కటీ లేదు, అన్నీ వీడియోల్లో చూసినవే. ఎక్స్ ప్లస్ 3 హోల్ స్క్వేర్‌కి ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9 అని రాసొచ్చా అండీ. మా లెక్కల మాస్టారు చూసుంటే ఆ మధ్యలో 6 ఎక్స్ ఎవడు తిన్నాడే అని డస్టర్ విసిరేవారు. చూడటం వేరు చెయ్యటం వేరు అని టైపు నేర్చుకున్నవాళ్లకీ దోసె వేసినవాళ్లకీ తెలుసు, నాకే లెక్కల దగ్గర ఎందుకో తట్టలేదు.

అప్పటినుంచి పద్ధతి మార్చా. ఫస్ట్ ఆరు చాప్టర్లు ప్రింట్ తీయించి స్పైరల్ చేయించుకున్నా. ఎగ్జాంపుల్‌లో ప్రశ్న మాత్రం చదివి, సొల్యూషన్ మీద పిల్లాడి డ్రాయింగ్ అట్ట అడ్డం పెట్టి నేనే చేసేది, ఆగిపోతే అట్ట ఒక్క లైను కిందకి జరిపి మళ్ళీ మూసేది. ఒక్కో ఎగ్జాంపుల్‌కి అరగంట పట్టిన రోజులున్నాయి. వీడియో ఆ తర్వాతే, అదీ ఎక్కడ ఇరుక్కున్నానో ఆ ముక్క వరకే. వీడియో కంటే చదవటమే నయం అనుకునేవాళ్లకి లమార్ యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ పెట్టిన పాల్స్ ఆన్‌లైన్ నోట్స్ అని ఉంది, పాతకాలం సైటులా ఉంటుంది గానీ పిల్లలు ఏ తప్పు చేస్తారో ముందే చెప్పేస్తాడు ఆయన.

అట్ట పెట్టి చేస్తే ఏం తేడా అంటే ఒక లెక్క చెప్తా. రూట్ లోపల ఎక్స్ ప్లస్ 7, అది ఎక్స్ మైనస్ 5కి సమానం, ఎక్స్ ఎంత? రెండు వైపులా స్క్వేర్ చేస్తే ఎక్స్ స్క్వేర్ మైనస్ 11 ఎక్స్ ప్లస్ 18 ఈక్వల్ టు సున్నా వస్తుంది, కారణాంకాలు చేస్తే 9, 2. నేను రెండూ రాసి సంతోషంగా వెనక ఆన్సర్ చూస్తే 9 ఒక్కటే ఉంది. బుక్కే తప్పనుకున్నా, నిజంగా. తర్వాత 2ని మొదటి ఈక్వేషన్లో పెట్టి చూస్తే ఎడమవైపు రూట్ 9 అంటే 3, కుడివైపు మైనస్ 3. స్క్వేర్ చేసినప్పుడు మైనస్ మాయమైపోయి ఈ దొంగ మూలం లోపలికి దూరింది. ఇదే ముక్క వీడియోలో "చెక్ చేసుకోవాలి" అని చెప్తే తల ఊపి వదిలేశా, నా చేతిలో తప్పయ్యాక ఇంక ఎప్పటికీ మర్చిపోలేదు.

హోంవర్క్ చేసే సాఫ్ట్‌వేర్ గురించి మాత్రం నాలుగు మాటలు తిట్టకపోతే నాకు నిద్ర పట్టదు. పేరు వద్దులెండి. బుక్ ఫ్రీ, ఈ సాఫ్ట్‌వేర్ కోడ్‌కి మాత్రం డబ్బులు కట్టాలి. ఆన్సర్ కరెక్టే ఉంటుంది, ఇన్ఫినిటీ పక్కన గుండ్రటిది పెట్టాల్సింది చదరపుది పెట్టానని ఎర్ర గీత (అది నా తప్పే, ఒప్పుకుంటా), కానీ 1 బై 2 అడిగినచోట 0.5 అని కొట్టినా తప్పే అంటాడు, మూడు ఛాన్సులు అయిపోతే అంకెలు మార్చి మళ్ళీ మొదటినుంచి చెయ్యమంటాడు, రాత్రి పదకొండింటికి, పిల్లాడు జ్వరంతో మూలుగుతుంటే. ఆ తిట్లే తిట్లు.

నాకు అన్నిటికంటే నచ్చింది డెస్మాస్, గ్రాఫులు గీసిచ్చే వెబ్‌సైట్. మీకు గుర్తుందా, టెన్త్ పబ్లిక్‌లో గ్రాఫ్‌కి 5 మార్కులు గ్యారంటీ, అందుకని అందరం వై ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ పట్టిక వేసి, గ్రాఫ్ పేపర్ మీద పాయింట్లు పెట్టి, చెయ్యి వణక్కుండా కలిపి, దారంతో ఆన్సర్ షీట్‌కి కట్టేవాళ్లం. ఒక్క పరావలయం గీసేసరికి ఇరవై నిమిషాలు. ఇంక ఆ ముందున్న నంబర్ మారిస్తే ఏమవుద్ది అని ఎవడు గీసి చూస్తాడు? డెస్మాస్‌లో ఎ ఎక్స్ స్క్వేర్ ప్లస్ బి ఎక్స్ ప్లస్ సి అని కొట్టి ఎ, బి, సి లకి స్లైడర్లు పెట్టి వేలితో జరుపుతుంటే గీత కదులుతూ ఉంటుంది. ఎక్స్ స్క్వేర్ మైనస్ 4 ఎక్స్ ప్లస్ సి అని కొట్టా. సి 3 ఉంటే గీత ఎక్స్ అక్షాన్ని 1 దగ్గరా 3 దగ్గరా కోస్తుంది. 4కి జరిపితే 2 దగ్గర అలా తాకి ఆగింది. 5 చేస్తే అక్షాన్ని వదిలేసి పైకి లేచింది. ఇదేగా విచక్షణి అంటే, ఆ మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ ఫార్ములాలో రూట్ లోపల ఉండే బి స్క్వేర్ మైనస్ 4 ఎ సి! సున్నా కంటే ఎక్కువైతే మూలాలు వాస్తవాలు, విభిన్నాలు, సున్నా అయితే సమానాలు, తక్కువైతే వాస్తవ మూలాలు లేవు అని ఎక్కం లాగా బట్టీ పట్టి ఒప్పజెప్పిందాన్ని, అదేంటో కంటితో చూడటం ముప్పై దాటాక. బి స్లైడర్ లాగితే ఇంకా తమాషా, గీత పక్కకి పోతుంది అనుకున్నా, కాదు, దాని అడుగు మొన ఒక బోర్లించిన పరావలయం మీద నడుస్తుంది. ఆ రోజు అన్నం మాడిపోయింది.

ఆరో చాప్టర్లో లాగ్‌లు వచ్చాయి. ఇంటర్లో లాగ్ బుక్ చూడటం వచ్చు గానీ లాగ్ దేనికో తెలీదు. ప్రొఫెసర్ బ్యాంకు వడ్డీల లెక్కలు ఇస్తే నేను మా ఊరి లెక్క వేసుకున్నా: నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలనెలా వడ్డీ అసల్లో కలిసిపోతే లక్ష ఎప్పటికి రెండు లక్షలవుద్ది? లాగ్ 2ని లాగ్ 1.02తో భాగిస్తే దాదాపు 35 నెలలు. చక్రవడ్డీ లేకపోతే 50. నాన్నకి ఫోన్ చేసి చెప్తే, "మూడేళ్లు నిండకుండానే డబలన్నమాట, మరి నువ్వు అక్కడ కట్టిన ఫీజు ఎన్నేళ్లకి డబలవుద్దో అది కూడా చూడమ్మా" అన్నాడు.

ఫైనల్లో 84 వచ్చింది, మొత్తం మీద బి గ్రేడు. పరీక్షకి సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఒక్కటే రానిచ్చారు, స్లైడర్లు లేవు, గీతలు కాగితం మీదే.

ఎవరన్నా ఈ ఫాల్ సెమిస్టర్‌లో 1314 తీసుకుంటుంటే 5వ చాప్టర్‌కి, అంటే బహుపదులు, రేషనల్ ఫంక్షన్లకి, రెండు వారాలు ఎక్కువ ఉంచుకోండి, నేను ఉంచుకోక ఏడ్చా. 8, 9 మా క్లాసులో చెప్పలేదు, మీ సిలబస్ చూసుకోండి. నా స్పైరల్ బుక్ ఊరికే పడి ఉంది, డల్లాస్ చుట్టుపక్కల వాళ్లు కావాలంటే వచ్చి పట్టుకెళ్లొచ్చు, సాంబార్ మరకలకి నన్నేమీ అనొద్దు.