గ్రేడ్ 3 అంటే మూడో స్టేజీ కాదు

బయాప్సీ రిపోర్టు వచ్చిన సాయంత్రం నా కళ్లు ‘గ్రేడ్ 3’ దగ్గరే ఆగిపోయాయి. మూడో స్టేజీ అనుకున్నాను. ఆ రాత్రి తెల్లవార్లూ ఫోన్‌లో మూడో స్టేజీ రొమ్ము క్యాన్సర్ గురించే చదివాను. పిల్లలకి ఏమని చెప్పాలో ఒకటికి పదిసార్లు మనసులో అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఆంకాలజిస్ట్ కాగితం మీద గీసి చూపించారు. కణాలు మైక్రోస్కోపు కింద మామూలు కణాలకి ఎంత తేడాగా కనిపిస్తున్నాయో గ్రేడ్ చెబుతుంది. జబ్బు ఎంత దూరం పాకిందో స్టేజీ చెబుతుంది. నాది గ్రేడ్ 3, స్టేజీ 2. అంటే రెండు రాత్రులు నిద్ర లేకుండా చదివింది నా జబ్బు గురించి కాదు.

అదే రిపోర్టులో ఈఆర్ నెగెటివ్, పీఆర్ నెగెటివ్, హెర్‌2 పాజిటివ్ అని ఉంది. అంటే క్యాన్సర్ కణాల మీద ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లని అందుకునే రిసెప్టర్లు లేవు, హెర్‌2 అనే ప్రొటీన్ మాత్రం ఎక్కువగా ఉంది. ఈసారి హెర్‌2 అనే వెతికాను. ఈ రకం త్వరగా పెరుగుతుందని, తిరగబెట్టే అవకాశం ఎక్కువని, ఎక్కువ కాలం బతకరని ఒక వ్యాసంలో ఉంది. చెల్లెలికి చూపించి ఏడ్చేశాను. అది చివరిదాకా చదివి, “అక్కా, ఇది ఎప్పుడు రాసిందో చూశావా?” అంది.

1990ల నాటి వ్యాసం అది. హెర్‌2 ప్రొటీన్‌ని పట్టుకుని పనిచేసే ట్రాస్టుజుమాబ్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చిందే 1998లో. తొలి దశల్లో సర్జరీతో పాటు వాడటానికి 2006లో ఇచ్చారు. వ్యాసంలో రాసింది అబద్ధం కాదు. నాకు ఇవ్వబోయే మందు లేని రోజుల్లో రాసింది, అంతే. ఐదేళ్ల సర్వైవల్ అంకెలూ, అంటే జబ్బు బయటపడిన ఐదేళ్లకి ఎంతమంది బతికున్నారో చెప్పేవీ, అలాంటివే. ఐదేళ్లు గడిస్తేగాని లెక్క తేలదు కాబట్టి, అవెప్పుడూ మనకంటే ముందు జబ్బుపడినవాళ్లవే.

అప్పటినుంచి ఏది చదివినా ముందు తేదీ చూశాను, తర్వాత అది ఏ రకం క్యాన్సర్ గురించో చూశాను. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ రోగుల కోసం వేరుగా, డాక్టర్ల కోసం వేరుగా సమాచారం ఇస్తుంది. మొదటిది పూర్తిగా చదివేదాన్ని, రెండోది అర్థమైనంత వరకు. మిగిలినవి నోట్‌బుక్‌లో రాసుకుని డాక్టర్‌ని అడిగేదాన్ని. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. బయాప్సీ చేస్తే క్యాన్సర్ పాకుతుందన్న ఫార్వర్డ్‌లు మాత్రం చదవకుండానే తీసేశాను.

కీమో రెండో డోసు తర్వాత పదో రోజు రాత్రి ఒళ్లు వెచ్చబడింది. థర్మామీటర్‌లో 38.4 డిగ్రీల సెల్సియస్, అంటే దాదాపు 101 ఫారన్‌హీట్. కీమోలో జ్వరం మామూలేనని, మాత్ర వేసుకుని పడుకోమని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే అన్నారు. కానీ 38 డిగ్రీలు దాటితే వెంటనే ఫోన్ చేయాలని నర్సు ఇచ్చిన కాగితంలో ఉంది. చేశాను. ఆ రాత్రే అడ్మిట్ చేసుకున్నారు. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయాయి. వరసగా నాలుగు రోజులు యాంటీబయాటిక్స్ ఎక్కించారు. తెల్లారేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

తర్వాత సర్జరీ అయింది. మూడు వారాలకొకటి చొప్పున ఏడాది పాటు ట్రాస్టుజుమాబ్ తీసుకున్నాను. అది గుండె మీద ప్రభావం చూపొచ్చు కాబట్టి మూడు నెలలకోసారి ఎకో (గుండె పనితీరు చూసే స్కాన్) తీసేవారు. చివరి ఎకో బాగానే వచ్చింది.

మొన్న స్నేహితురాలు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. వాళ్ల అమ్మ రిపోర్టు వచ్చిందట, మాట పెగలడం లేదు. రిపోర్టులో ఏముందో ఒక్కో లైనూ మెల్లగా చదవమన్నాను. నేను పెన్ను తీసుకుని రాసుకున్నాను. ‘గ్రేడ్ 3’ దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

“అది స్టేజీ కాదే,” అన్నాను. “తర్వాతి లైను చదువు.”