మైకలాంజెలో గీతల ముందు పెన్సిల్ పట్టుకుని

1534లో ఫ్లోరెన్స్ వదిలి రోమ్ చేరిన మైకలాంజెలో, 1564లో 88 ఏళ్ల వయసులో పోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆ ముప్పై ఏళ్ల పని మీద 2024 వేసవిలో లండన్ బ్రిటిష్ మ్యూజియం ప్రదర్శన పెట్టింది. చూసి రావడంతో సరిపెట్టుకోకుండా ఓ నాలుగు గీతలు గీసుకోవాలని వెళ్లాను.

ఇలాంటి చోట సిరా, రంగులు కుదరవు, పెన్సిలే గతి. కాగితం మీది బొమ్మలు వెలుతురుకి పాడవుతాయని లైట్లు బాగా తగ్గిస్తారు. కళ్లు అలవాటు పడేదాకా నా పేజీయే నాకు కనబడలేదు. ఆ మసకలో మామూలు హెచ్‌బీ పెన్సిల్ దండగ, ఇంకా నల్లగా పడే 4బీ పట్టుకెళ్లండి. స్కెచ్‌బుక్ మాత్రం అరచేతిలో పట్టేంత చాలు, పెద్దదైతే వెనకవాళ్లు ఊరుకోరు.

‘ఎపిఫానియా’ 26 కాగితాలు అతికించి గీసిన బొమ్మ, రెండు మీటర్లు దాటిన ఎత్తు. శిష్యుడు కొండివి రంగుల్లో వేసుకోవడానికి ఇదే నమూనా. అంత బొమ్మ జోలికి పోకుండా అందులో ఏసు తల్లి మేరీ భుజం దగ్గర కాసేపు గీసుకుని ముందుకు కదిలాను.

నన్ను కదలనివ్వనివి చివర్లో ఉన్న శిలువ బొమ్మలు. ఎనభై దరిదాపుల్లో నల్ల సుద్దతో వేసినవి. క్రీస్తు చంక నుంచి నడుము దాకా ఒక గీత ఉండాల్సిన చోట మూడో నాలుగో ఉన్నాయి. దేన్నీ చెరపలేదు. కొన్నిచోట్ల పైన తెల్ల సఫేదా పూసి, దాని మీద మళ్లీ గీశాడు. నేనేమో బాపు బొమ్మలు చూసి పెరిగినవాణ్ణి. ఒక్క గీతలో మనిషి నిలబడాలి, అదీ లెక్క! అందుకే ముందు వాటిలో ‘అసలు’ గీత ఏదా అని వెతికాను. ఒకటి ఎంచుకుని గీస్తే బొమ్మ బిగుసుకుపోయి అట్టముక్కలా వచ్చింది. పక్క పేజీలో అన్ని గీతలూ, ఒత్తిడి పెంచకుండా, ఒకదాని పక్కన ఒకటి వేశాను. అప్పుడు ఆ ఒంట్లోకి బరువొచ్చింది, ఊపిరి ఆడుతున్నట్టూ అనిపించింది. ఎదురుగా నిలబడి ఎంతసేపు చూసినా ఈ సంగతి నాకు తట్టేది కాదు, చెయ్యి ఆడితేనే తెలిసింది.

ప్రదర్శన అయిపోయింది. అయితే మ్యూజియం సొంత డ్రాయింగులు చూడాలంటే ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని స్టడీ రూమ్‌కి వెళ్లొచ్చు. అడిగినవన్నీ బయటికి తీయకపోవచ్చు గానీ, తీసినవి తోపులాట లేకుండా బల్ల దగ్గర కూర్చుని చూసుకోవచ్చు. అక్కడా పెన్సిలే.