సర్వర్ బూట్ అవ్వట్లేదా? ముందు డిస్కుల జోలికి పోకండి

ఇంట్లో ఫొటోలు, వీడియోలు, బ్యాకప్‌లు అన్నీ ఒకే స్టోరేజ్ సర్వర్‌లో పడేసుకున్న వాళ్ళకి అది ఒక రోజు లేవకపోతే గుండె జారిపోతుంది, డేటా మొత్తం పోయిందేమో అని. అప్పుడు చేతులు నేరుగా డిస్కుల మీదకి వెళ్తాయి, మెషిన్ ఆన్‌లో ఉండగానే కేబుల్స్ పీకడం, డిస్కులు వేరే మెషిన్‌కి పెట్టడం, రిపేర్ టూల్ రన్ చేయడం. మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్ (మెషిన్‌ని మొదట లేపే, బోర్డ్‌లోనే ఉండే ప్రోగ్రామ్, బయోస్ అన్నా ఇదే) దగ్గర తేడా వచ్చినప్పుడు డిస్కుల్లో ఉన్నదానికి మామూలుగా ఏమీ కాదండీ, తర్వాత కంగారులో మనం చేసే పనులతోనే పోతుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ఈమధ్య నా సర్వర్‌కి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాను. ప్రాసెసర్‌కి కొత్త మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి తప్పులు సరిచేసే కోడ్) వచ్చింది, పైగా పాత వెర్షన్‌లో రీస్టార్ట్ చేసినప్పుడల్లా ఒక ఎన్‌విఎంఈ డ్రైవ్ (వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ) ఒక్కోసారి కనపడేది కాదు. అప్‌డేట్ శుభ్రంగా పూర్తయింది, రీస్టార్ట్ అయింది, ఆ తర్వాత పింగ్ (నెట్‌వర్క్‌లో పిలిస్తే పలకడం) లేదు, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) లేదు, ఏమీ లేదు. మానిటర్ లేకుండా మూలన ఉండే మెషిన్ కదా, లోపల ఏం జరుగుతోందో బయటికి తెలీదు, ఫ్యాన్లు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి.

ఇలాంటప్పుడు నేను చేసేది ఒకటే, అసలు ఎంతదాకా వచ్చి ఆగిందో కనుక్కోవడం. పవర్ వచ్చిందా, మెమరీ చెక్ దాటిందా, బూట్ డిస్క్ దొరికిందా, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లోడ్ అయిందా, పూల్ (డేటా డిస్కులన్నీ కలిపిన స్టోరేజ్) మౌంట్ అయిందా, నెట్‌వర్క్ లేచిందా. బయటినుంచి చూస్తే ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి, సర్వర్ చచ్చినట్టే ఉంటుంది, కానీ ఒక్కోదానికీ మందు వేరు. కాబట్టి ముందు మానిటర్, కీబోర్డ్ తగిలించాలి, వీలైతే మెషిన్ ఆఫ్ చేసి డేటా డిస్కుల కేబుల్స్ తీసేసి పక్కన పెట్టుకోవాలి, ఏ పోర్ట్‌లో ఏది ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకుని.

డిస్కులు తీసేయడంలో ఇంకో లాభం కూడా ఉంది. 3.5 ఇంచుల హార్డ్ డిస్క్ తిరగడం మొదలెట్టేటప్పుడు 12 వోల్ట్‌ల లైన్ మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది, అంటే 8 డిస్కులు ఒకేసారి లేస్తే దగ్గరదగ్గర 190 వాట్లు ఆ రెండు మూడు సెకన్లలోనే. పాతబడిన పవర్ సప్లై అక్కడ చతికిలపడి మెషిన్ రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది, మనమేమో ఫర్మ్‌వేర్ పాడైందని తిట్టుకుంటూ ఉంటాం. డిస్కులు లేకుండా లేచి, ఉంటే లేవట్లేదంటే ముందు పవర్ సప్లైని అనుమానించండి.

సరే నా సంగతి. మానిటర్ పెట్టాను, నల్లగా ఉంది. బోర్డ్ మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న ఎల్ఈడీలు ఉంటాయి చూడండి, అందులో మెమరీకి సంబంధించిన డీర్యామ్ది వెలుగుతూ కూర్చుంది. చాలామంది ఇక్కడే ప్లగ్ పీకేస్తారు. పీకకండి. డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) బోర్డుల్లో ఫర్మ్‌వేర్ మారిందంటే పాత మెమరీ ట్రైనింగ్ లెక్కలు పోతాయి, మళ్ళీ మొదటినుంచి ఒక్కో స్టిక్‌కి టైమింగులు వెతుక్కుంటుంది, ర్యామ్ ఎక్కువుంటే కొన్ని నిమిషాలు స్క్రీన్ మీద ఏమీ రాదు. నాది కూడా అలాగే కాసేపు నల్లమొహం పెట్టుకుని, తర్వాత దానంతట అదే ముందుకెళ్ళింది.

వెళ్ళింది కానీ నేరుగా బయోస్ సెట్టింగ్స్‌లోకి. బూట్ లిస్ట్ ఖాళీ! డ్రైవ్ కనిపిస్తోంది, దాని మీద ఉన్న లినక్స్ మాత్రం కనిపించట్లేదు. యూఈఎఫ్ఐలో (ఇప్పటి బోర్డుల్లో బయోస్ స్థానంలో ఉండేది) "ఈ డ్రైవ్, ఈ పార్టిషన్, ఈ ఫైల్" అన్న బూట్ ఎంట్రీ డిస్క్‌లో ఉండదు, బోర్డ్ మీదున్న చిన్న ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది, ఎన్‌వీర్యామ్ అంటాం. ఫర్మ్‌వేర్ కూడా ఆ చిప్‌లోనే ఉంటుంది, ఇప్పటి బోర్డుల్లో 16 లేదా 32 ఎంబీ సైజు. అప్‌డేట్‌లో ఆ ఎన్‌వీర్యామ్ భాగం కూడా తుడిచిపెట్టుకుపోతే ఇల్లు అక్కడే ఉంటుంది, అడ్రస్ చీటీ పోతుంది. ఎంట్రీ లేనప్పుడు ఫర్మ్‌వేర్ చివరి ప్రయత్నంగా ఈఎఫ్ఐ పార్టిషన్‌లో (బూట్ ఫైళ్ళ కోసం డిస్క్‌లో ఉండే చిన్న భాగం) బూట్ అనే ఫోల్డర్‌లో బూట్‌ఎక్స్64 అనే ఫైల్ ఉందేమో చూస్తుంది, నా ఇన్‌స్టాల్‌లో అది లేదు, ఇన్‌స్టాలర్ తన సొంత ఫోల్డర్‌లో మాత్రమే పెట్టుకుంది.

లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) లేచి ఈఎఫ్ఐ బూట్ మేనేజర్ కమాండ్‌తో ఎంట్రీ మళ్ళీ రాశాను. యూఎస్‌బీని కూడా యూఈఎఫ్ఐ మోడ్‌లోనే లేపాలి, లెగసీలో (పాత బయోస్ పద్ధతి) లేపితే ఈఎఫ్ఐ వేరియబుల్స్ సపోర్ట్ లేదు అని మొహం మీద చెప్పేస్తుంది. పనిలో పని గ్రబ్ (లినక్స్‌ని లేపే ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్‌ని రిమూవబుల్ ఆప్షన్‌తో ఇంకోసారి రన్ చేశా, ఆ బూట్‌ఎక్స్64 కాపీ కూడా పడింది, ఇక ఎన్‌వీర్యామ్ మొత్తం ఎగిరిపోయినా మెషిన్ లేస్తుంది. నిజానికి స్టోరేజ్ సర్వర్‌కి ఇన్‌స్టాలరే ఇది డిఫాల్ట్‌గా చేసెయ్యాలని నా అభిప్రాయం.

అదే ఊపులో బయోస్ సెట్టింగ్స్ కూడా చూశా. అన్నీ ఫ్యాక్టరీ డిఫాల్ట్‌కి పోయాయి, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే లేపడం), సీఎస్ఎం (పాత బయోస్ పద్ధతి బూట్), సాటా మోడ్ (డిస్కులతో మాట్లాడే పద్ధతి), అన్నీ. నాలుగు ఎన్‌విఎంఈలు పెట్టే కార్డ్ వాడేవాళ్ళు గుర్తుంచుకోండి, స్లాట్‌ని నాలుగు ముక్కలు చేసే బైఫర్‌కేషన్ సెట్టింగ్ పోతే ఆ కార్డ్‌లో ఒక్క డ్రైవే కనిపిస్తుంది, మిగతా మూడూ ఒకేసారి చచ్చినట్టు. మూడు డ్రైవులు ఒకేసారి చావవండీ, సెట్టింగ్ చూడండి. ఇంటెల్ బోర్డుల్లో వీఎండీ (ఎన్‌విఎంఈలని తన చేతిలోకి తీసుకునే ఇంటెల్ ఫీచర్) ఆన్ అయిపోయినా ఎన్‌విఎంఈలు మాయమైనట్టు కనిపించొచ్చు. సాటా మోడ్ రెయిడ్‌కి (డిస్కులని కలిపి ఒకటిగా నడపడం) మారి ఉంటే ఏహెచ్‌సీఐకి (డిస్కులని విడివిడిగా చూపించేది) తిప్పేయండి, ఆ బయోస్ రెయిడ్ స్క్రీన్‌లో మాత్రం క్రియేట్, ఇనీషియలైజ్ లాంటి బటన్ ఏదీ నొక్కొద్దు. డిస్కుల మీద జెడ్ఎఫ్ఎస్సో, ఎండీ రెయిడో (డిస్కులని కలిపి పూల్‌గా నడిపే సాఫ్ట్‌వేర్లు) ఉందని ఆ స్క్రీన్‌కి తెలీదు, ఖాళీ డిస్కులనుకుని తన ముద్ర కొట్టేస్తుంది.

పాత బోర్డుల్లో ఇంతకన్నా ఘోరం ఒకటి ఉండేది. కొన్ని బోర్డులు బయోస్ బ్యాకప్ కాపీని మొదటి డిస్క్ చివర్లో దాచి, ఆ ముక్క ఎవరికీ కనపడకుండా హెచ్‌పీఏ పెట్టేసేవి. డిస్క్ సైజు సుమారు 1 ఎంబీ తగ్గేది, చివర్లో మెటాడేటా (తన వివరాలు) పెట్టుకునే రెయిడ్‌కి ఆ డిస్క్ పనికిరానిదిగా కనిపించేది. పాత బోర్డ్‌తో సర్వర్ చేసుకుని, ఒక్క డిస్క్ మాత్రం మిగతావాటికన్నా కొంచెం చిన్నగా కనిపిస్తే హెచ్‌డీపార్మ్ అనే లినక్స్ కమాండ్‌లో పెద్ద ఎన్ ఆప్షన్‌తో చూడండి, తేడా ఉంటే అక్కడే దొరుకుతుంది.

ఇంత అయ్యాక లినక్స్ లేచింది, మానిటర్ మీద లాగిన్ కూడా వచ్చింది. పింగ్ మాత్రం ఇంకా లేదు. ఐపీ లింక్ కమాండ్ కొట్టి చూస్తే నెట్‌వర్క్ కార్డ్ పేరు ఈఎన్‌పీ3ఎస్0 నుంచి ఈఎన్‌పీ4ఎస్0 అయి కూర్చుంది. ఆ మారిన అంకె పీసీఐ (కార్డులు బోర్డ్‌కి కలిసే దారి) బస్ నంబర్, దాన్ని నిర్ణయించేది ఫర్మ్‌వేర్. డిఫాల్ట్స్‌కి వెళ్ళినప్పుడు నేను ఆఫ్ చేసి పెట్టుకున్న ఒక కంట్రోలర్ మళ్ళీ ఆన్ అయి వరసలో ముందు దూరింది, మిగతావి ఒక నంబర్ వెనక్కి జరిగాయి. స్టాటిక్ ఐపీ (మారకుండా పెట్టిన నెట్‌వర్క్ అడ్రస్) ఏమో పాత పేరు మీద రాసి ఉంది. అంటే మానిటర్ పెట్టకపోయి ఉంటే, పూర్తిగా లేచి కూర్చున్న సర్వర్‌ని పట్టుకుని ఇంకా బూట్ అవ్వట్లేదనే అనుకునేవాణ్ణి. కాన్ఫిగ్‌లో పేరు తీసేసి మ్యాక్ అడ్రస్‌తో (కార్డ్‌కి ఉండే సొంత నంబర్) మ్యాచ్ చేయమని రాశాను.

పూల్ విషయానికొస్తే ఆఫ్ చేసి డేటా డిస్కులు మళ్ళీ తగిలించా, పోర్టులు అటూఇటూ అయినా పర్లేదు. జెడ్ఎఫ్ఎస్ ప్రతి డిస్క్ మీదా 256 కేబీ లేబుల్ నాలుగు కాపీలు రాసుకుంటుంది, ముందు రెండు, చివర్లో రెండు, వాటిని చూసే డిస్కుల్ని గుర్తుపడుతుంది. ఎండీ రెయిడ్ కూడా అంతే, సూపర్‌బ్లాక్‌లో (డిస్క్ మీద తను రాసుకునే చీటీ) ఉన్న ఐడీ చూస్తుంది. అనుమానంగా ఉంటే మొదటిసారి రీడ్ ఓన్లీగా ఇంపోర్ట్ చేసి (అంటే ఏమీ రాయకుండా, చదవడానికి మాత్రమే పూల్‌ని తెరిచి) ఫైళ్ళు కనిపిస్తున్నాయో లేదో చూస్కోండి. లైవ్ యూఎస్‌బీలో ఇంపోర్ట్ చేసి చూశారంటే ఆఫ్ చేసే ముందు ఎక్స్‌పోర్ట్ (పూల్‌ని మూసి వదిలేయడం) చేయండి, లేదంటే అసలు సిస్టమ్‌లోకి వచ్చాక ఈ పూల్ వేరేవాళ్ళు వాడుతున్నారని మొరాయిస్తుంది.

నా కేసు ఇక్కడితో తేలిపోయింది. అప్‌డేట్ మధ్యలో కరెంట్ పోయి బోర్డ్ అస్సలు లేవని వాళ్ళకి దారి వేరు. బోర్డ్ వెనకాల ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే అదృష్టం, ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో మాన్యువల్‌లో చెప్పిన పేరుతోనే ఫైల్ పెట్టి, చెప్పిన పోర్ట్‌లోనే గుచ్చి నొక్కితే, సరిగ్గా మెమరీ చెక్ దాకా కూడా రాని బోర్డ్ తిరిగి లేస్తుంది. అది లేకపోతే సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (చిప్‌లోకి నేరుగా రాసే చిన్న పరికరం), చిప్ మీద క్లిప్. రాసే ముందు చిప్‌లో ఉన్నది రెండుసార్లు చదివి రెండు ఫైళ్ళూ ఒకటేనా అని సరిచూస్కోండి, చాలా బోర్డుల్లో మ్యాక్ అడ్రస్, సీరియల్ నంబర్ ఆ చిప్‌లోనే ఉంటాయి, వెబ్‌సైట్‌లో దొరికే ఫైల్ గుడ్డిగా రాసేస్తే అవి పోతాయి. చిప్ 3.3 వోల్ట్‌లదా 1.8 వోల్ట్‌లదా అన్నది కూడా ముందే చూడాలి.

ఫర్మ్‌వేర్‌తో ఏ సంబంధం లేకుండా లేవని మెషిన్లు కూడా ఉన్నాయి. ఇంటెల్ ఆటమ్ సీ2000 ప్రాసెసర్లలో క్లాక్ సిగ్నల్ ఇచ్చే భాగం కాలక్రమంలో పాడైపోయే లోపం 2017లో బయటపడింది, అవి వాడిన స్టోరేజ్ బాక్సులు బాగా నడుస్తూ నడుస్తూ ఒకసారి ఆఫ్ చేస్తే మళ్ళీ లేచేవి కావు. అలాంటిది ఇప్పటికీ వాడుతుంటే ఫర్మ్‌వేర్ ఫైళ్ళు వెతకడం కన్నా బ్యాకప్ చూసుకోవడం మంచిది.

ఇప్పుడు నేను అప్‌డేట్‌కి ముందు బయోస్‌లో ప్రతి పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటున్నా. సేవ్ చేసిన ప్రొఫైల్‌ని నమ్ముకోలేం, కొత్త వెర్షన్ పాత ప్రొఫైల్‌ని తీసుకోనంటుంది చాలాసార్లు. అంతా అయిపోయిందనుకున్నాక ఇంకో సెట్టింగ్ కూడా డిఫాల్ట్‌కి పోయిందని కరెంట్ పోయొచ్చిన రోజున తెలిసింది: కరెంట్ వచ్చాక దానంతట అదే ఆన్ అవ్వాలా వద్దా అన్నది. డిఫాల్ట్ "వద్దు". వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ నుంచి మెషిన్‌ని లేపడం) కూడా ఆఫే ఉంది, రెండూ ఆన్ చేసి పెట్టాను.