ఐదో కాలికి నీలం తీగ

ఈ నెల టంకం పెట్టింది తక్కువ, రాసింది ఎక్కువ. తంబూరా బదులు వాడుకుందామని చేస్తున్న శ్రుతి సింథసైజర్ ఫైళ్లను అందరూ వాడుకునేలా గిట్‌హబ్ సైట్‌లో పెట్టాను. ఆర్డుయినో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, అది పంపే అంకెను వోల్టేజీగా మార్చే రెండు ఛానళ్ల ఎంసీపీ4822 చిప్పు, స్వరం పుట్టించే రెండు ఓసిలేటర్లు. ఒకటి షడ్జమం, రెండోది మంద్ర పంచమం. ఆ చిప్పులో మెట్టుకు ఒక మిల్లీవోల్టు; ఓసిలేటర్‌కు ఒక వోల్టు పెంచితే ఒక స్థాయి పైకి. షడ్జమానికి 2000 పంపితే కింది షడ్జమం 1000, దాని మీద 585 కలిపితే పంచమానికి 1585. లెక్క ఇంత తేలికనే ఆ చిప్పు తీసుకున్నాను.

కొన్నాళ్లకు ఒకాయన అవే ఫైళ్లతో బోర్డు చేయించుకుని రాశారు: ఓసారి పలుకుతోంది, ఓసారి మూగబోతోంది. ఫొటోలో ఆయన టంకం నాకన్నా శుభ్రంగా ఉంది. స్కీమాటిక్ రెండుసార్లు చూశాను, ఏమీ దొరకలేదు. చివరికి నా బోర్డు తిరగేస్తే చిప్పు ఐదో కాలి నుంచి గ్రౌండుకు ఒక నీలం తీగ! అది ఎల్‌డాక్ పిన్, పంపిన అంకె ఎప్పుడు వోల్టేజీగా బయటికి రావాలో చెప్పేది. గ్రౌండుకు కలపకుండా గాలికి వదిలేస్తే వోల్టేజీ మారడం, మారకపోవడం దాని ఇష్టం. ఎప్పుడో ఒక రాత్రి తీగ అతికించి, ఫైల్లో గీయడం మరిచాను. పైగా ఆ పిన్‌కు ‘కలపనక్కర్లేదు’ అనే గుర్తు నేనే పెట్టుకున్నాను, కాబట్టి బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ కిక్యాడ్ తనిఖీలోనూ పట్టుబడలేదు.

ఇప్పుడు ప్రతి విడుదలకు బోర్డు రెండు వైపులా ఫొటోలు పెడుతున్నాను. వెర్షన్ అంకెను బోర్డు మీదే అచ్చు వేయిస్తున్నాను. బోర్డు తయారుచేసేవారికి పంపే గెర్బర్ ఫైళ్ల జిప్ విడుదలతో పాటే ఉంటుంది. కిక్యాడ్ ఫైళ్లు టెక్స్టే గానీ, నాలుగు తీగలు జరిపితే మారిన వరుసలు చూసి అర్థం చేసుకోవడం మనిషి వల్ల కాదు. ఏం జరిపానో, ఎందుకో కమిట్‌లో (మార్పుతో పాటు భద్రపరిచే నోట్‌లో) తెలుగులోనే రాస్తున్నాను.

లైసెన్సు సంగతి సింథసైజర్ మాడ్యూళ్లు చేసిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థను చూసి తేల్చుకున్నాను: వాళ్ల ఎస్‌టీఎం32 చిప్పుల కోడు ఎంఐటీ కింద (దాదాపు ఎలాగైనా వాడుకోవచ్చు), బోర్డులు సీసీ బై-ఎస్ఏ 3.0 కింద (పేరు చెప్పాలి, మార్చినదాన్నీ అదే లైసెన్సుతో పంచాలి) ఉన్నాయి. ఆ సంస్థ 2022లో మూతపడినా మాడ్యూళ్లను జనం ఇప్పటికీ కట్టుకుంటున్నారంటే ఆ ఫైళ్ల పుణ్యమే.

ఇంకొకరు 585ను 583గా ‘సరిదిద్ది’ పంపారు. కీబోర్డు లెక్కలో ఆయన మాట నిజమే, ఏడు అరస్వరాలు 583.3 మిల్లీవోల్టులు. కానీ తంబూరా పంచమం 3:2 నిష్పత్తి, అంటే 585. కింది షడ్జమం దగ్గర 583 పెట్టి వింటే సుమారు రెండు సెకన్లకోసారి ధ్వని ఊగుతుంది; 585లో నిలబడుతుంది. మార్పును తీసుకోలేదు, కీబోర్డుతో వాయించేవారి కోసం సెట్టింగుగా చేర్చాను. అయితే ఓసిలేటర్లు వేడెక్కి కుదురుకోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అంతవరకు ఈ రెండు మిల్లీవోల్టుల పంచాయతీ దండగ.

భాగాల జాబితా మిగిలింది. ‘కెపాసిటర్ 1ఎన్ఎఫ్’ అని రాసి వదిలేస్తే, ఏ రకమని ఇద్దరు అడిగారు. ఓసిలేటర్‌లో ఫిల్మ్ రకం వేయండి. ఎక్స్7ఆర్ సిరామిక్ విలువ వేడికి మారుతుంది, అది వేస్తే ఫ్యాను ఆపగానే శ్రుతి జారుతుంది.