హ్యావ్‌లాక్ వెళ్లాలంటే ముందు బోటు టైం చూడండి

హైదరాబాద్ నుంచి అండమాన్ వెళ్లాలనుకునేవాళ్లు ఎక్కువమంది ముందు చవగ్గా దొరికిన ఫ్లైట్ పట్టేస్తారు, తర్వాత హ్యావ్‌లాక్ దీవిలో రిసార్ట్ చూసుకుంటారు, బోటు సంగతి ఆఖర్న పెట్టుకుంటారు. ఈ వరస తిరగేయాలి. శంషాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి డైరెక్ట్ ఫ్లైట్‌లో సుమారు రెండున్నర గంటలు. రిసార్ట్‌లో ఆ పూటే దిగుతారా, మర్నాడా అన్నది మాత్రం ఆ తర్వాత వచ్చే నలభై కిలోమీటర్ల సముద్రమే తేలుస్తుంది.

ముందు పేర్ల విషయం, ఎందుకంటే టికెట్ల మీద రెండు రకాలుగానూ కనబడతాయి. పోర్ట్ బ్లెయిర్‌ పేరు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అయింది. హ్యావ్‌లాక్ 2018 డిసెంబర్ నుంచి స్వరాజ్ ద్వీప్, ఇంకో దీవి నీల్ అప్పటి నుంచే షహీద్ ద్వీప్. టాక్సీవాళ్లు, హోటల్‌వాళ్లు ఇప్పటికీ పాత పేర్లే వాడుతున్నారు కాబట్టి ఇక్కడా అవే రాస్తున్నాం.

అండమాన్ మనకంటే బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. అందుకే డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది. ప్రైవేటు బోట్లు చీకటి పడకముందే తిరగడం ముగించుకుంటాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హ్యావ్‌లాక్‌కి ఆఖరి బోటు సాధారణంగా మధ్యాహ్నం రెండు, మూడు గంటల ప్రాంతంలోనే వెళ్లిపోతుంది. హైదరాబాద్‌లో కూర్చుని చూస్తే మూడంటే ఇంకా సగం రోజు ఉన్నట్టే అనిపిస్తుంది. అక్కడ అది రోజు చివర.

లెక్క వేసి చూద్దాం. ఫ్లైట్ ఉదయం తొమ్మిదికి దిగిందనుకోండి. బ్యాగులు చేతికొచ్చి బయటపడేసరికి నలభై నిమిషాలు. బోట్లు ఆగే జెట్టీకి నాలుగైదు కిలోమీటర్లే అయినా ఎత్తుపల్లాల ఇరుకు రోడ్లు, పాతిక నిమిషాలు వేసుకోండి. బోటు బయల్దేరే గంట ముందు జెట్టీ గేటు దగ్గర ఉండాలి. అంటే ఏ ఇబ్బందీ రాకపోయినా పదకొండు దాటాక వెళ్లే బోటే మీది. ఫ్లైట్ గంట ఆలస్యమైతే అదీ కష్టమే. పైగా ఫ్లైట్ టికెట్ వేరు, బోటు టికెట్ వేరు. విమానం లేటయిందని బోటు ఆగదు, డబ్బూ వెనక్కి ఇవ్వరు. అందుకని మా మాట ఇది: పదిలోపు దిగే ఫ్లైట్ అయితేనే అదే రోజు హ్యావ్‌లాక్ పెట్టుకోండి, అదీ మధ్యాహ్నం బోటుకి. అంతకంటే ఆలస్యంగా దిగేదైతే ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండి, సెల్యులార్ జైలు చూసి, మర్నాడు పొద్దున బోటెక్కండి. ఉదయం సముద్రం కూడా కాస్త నెమ్మదిగా ఉంటుంది.

ఎయిర్‌పోర్ట్‌లో ఒక జాగ్రత్త. ఆ రన్‌వే నౌకాదళానిది, ఐఎన్ఎస్ ఉత్క్రోశ్. విమానం దిగగానే ఫోన్ తీసి ఫొటోలు మొదలుపెట్టకండి. బయట ఓలా, ఊబర్ల మీద ఆశ పెట్టుకోకండి. టాక్సీ గానీ ఆటో గానీ రేటు ముందే మాట్లాడుకుని ఎక్కాలి. పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లు మరీ ఎక్కువ. విశాఖ నుంచి ఓడ కూడా నడుస్తుంది కదా. డ్రైవర్‌తో తెలుగులోనే మాట్లాడి చూడండి, చాలాసార్లు జవాబు తెలుగులోనే వస్తుంది.

టాక్సీ ఎక్కేముందు టికెట్ మీద జెట్టీ పేరు చదవండి. ఊళ్లో హాడో, ఫీనిక్స్ బే అని రెండున్నాయి. ఒకదానికి వెళ్లాల్సినవాళ్లు ఇంకోదానికి వెళ్లి బోటు పోగొట్టుకోవడం తరచూ జరిగేదే. గేటు దగ్గర ప్రతి ఒక్కరి ఒరిజినల్ గుర్తింపు కార్డు చూస్తారు. పిల్లల ఆధార్ కార్డులు ఇంట్లో వదిలేసి రాకండి. చంటిపిల్లల పేరు కూడా టికెట్‌లో ఉండాలి. లోపల ఎయిర్‌పోర్ట్‌లో లాగే స్కానింగ్, ట్యాగులు ఉంటాయి. పెద్ద బ్యాగులు విడిగా పెట్టేస్తారు. అక్కడ నీళ్లు చిందుతాయి కాబట్టి బట్టలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి సర్దుకోండి. మందులు, కార్డులు, నీళ్ల సీసా చేతి సంచిలో ఉంచుకోండి.

ఏ బోటు? మాక్రజ్, నాటికా లాంటివి రెండు పొట్టల కాటమరాన్లు. గంటన్నరలో చేరుస్తాయి, కానీ అద్దాలు బిగించిన ఏసీ హాలులో కూర్చోవాలి, బయటికి రానివ్వరు. గ్రీన్ ఓషన్ రెండు గంటలకు పైగా తీసుకుంటుంది. దాంట్లో పై డెక్ మీద గాలికి నిలబడొచ్చు. ప్రభుత్వ బోటు రెండున్నర గంటలు, టికెట్ చాలా తక్కువ. అయితే అది ద్వీపాల్లో బతికేవాళ్ల బస్సు లాంటిది, వాళ్ల అవసరమే ముందు. సెలవుల్లో దాన్నే నమ్ముకుని ప్లాన్ వేసుకోవద్దు. డిసెంబర్ ఆఖరి వారం, సంక్రాంతి, దసరా రోజులకైతే ప్రైవేటు టికెట్లు కనీసం నెల ముందే కొనాలి.

ఇక వాంతుల సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, బోటులో వాంతి కవర్లు పంచేది ఊరికే కాదు. హార్బర్ లోపల ఉన్నంతసేపూ నీళ్లు కదలవు. ఎడమ పక్క నార్త్ బే లైట్‌హౌస్ కనిపిస్తుంది, పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న దృశ్యం అదే. అది దాటి తెరిచిన సముద్రంలోకి వెళ్లాక అసలు ఊపు మొదలవుతుంది. లోపలి చెవి ఒళ్లు ఊగుతోందని చెబుతుంది, కళ్లకు మాత్రం కదలని సీట్లే కనిపిస్తాయి. ఈ రెండూ కుదరక కడుపులో తిప్పుతుంది. ఫోన్ చూస్తే ఇంకా పెరుగుతుంది. బోటు ముక్కు ఎక్కువగా లేచి పడుతుంది, పై అంతస్తు ఎక్కువగా పక్కలకు ఊగుతుంది. కింది అంతస్తులో మధ్య నుంచి వెనక్కి, కిటికీ పక్కన సీటు తీసుకుని, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత వైపు చూస్తూ కూర్చోండి. ఖరీదైన రాయల్ క్లాసు సీట్లు తరచూ పై అంతస్తులో ఉంటాయి, కాబట్టి కళ్లు తిరిగే బాధ ఉన్నవాళ్లు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. అవోమిన్ లాంటి మాత్ర బోటెక్కాక కాదు, గంట రెండు గంటల ముందే వేసుకోవాలి. మత్తు వస్తుంది. పిల్లలకు, గర్భిణులకు డాక్టర్‌ని అడగందే ఇవ్వకండి. బయల్దేరే ముందు పూరీలు, బిర్యానీ వద్దు, ఖాళీ కడుపూ వద్దు. రెండు ఇడ్లీలు చాలు.

హ్యావ్‌లాక్‌లో దిగేది ఒకటో నంబర్ బీచ్ దగ్గర. రిసార్ట్ మూడో నంబర్, ఐదో నంబర్ బీచ్‌లలో ఉంటే ఆటోలో కాసేపే. రాధానగర్, అంటే ఏడో నంబర్, దీవికి అవతలి ఒడ్డున ఉంది, పది కిలోమీటర్లు దాటుతుంది. అక్కడ రిసార్ట్ తీసుకున్నవాళ్లు పికప్ ముందే అడిగి పెట్టుకోండి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్ బాగుపడింది గానీ, యూపీఐ అన్నిచోట్లా ఆడుతుందని నమ్మకండి. నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి.

నీల్ కూడా చూడాలనుకుంటే పోర్ట్ బ్లెయిర్ నుంచి హ్యావ్‌లాక్, అక్కడి నుంచి నీల్, నీల్ నుంచి పోర్ట్ బ్లెయిర్ అని మూడు టికెట్లు తీసుకోండి. వచ్చిన దారినే మళ్లీ వెనక్కి పోయే పని తప్పుతుంది.

తిరుగు ప్రయాణం దగ్గర పొరపాటు జరిగితే నష్టం అన్నిటికంటే ఎక్కువ. వెళ్లేటప్పుడు బోటు రద్దయితే రిసార్ట్‌లో ఒక రాత్రి డబ్బు పోతుంది. వచ్చేటప్పుడు రద్దయితే కుటుంబం మొత్తం ఫ్లైట్ టికెట్లు పోతాయి, అప్పటికప్పుడు కొత్తవి కొనాలి. గాలి ఎక్కువైతే పోర్టువాళ్లు బోట్లు ఆపేస్తారు. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాల వల్ల, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాల వల్ల ఇలా జరుగుతుంటుంది. 2016 డిసెంబర్‌లో తుఫాను వాతావరణానికి హ్యావ్‌లాక్, నీల్‌లలో సుమారు 1,400 మంది పర్యాటకులు ఇరుక్కుపోతే నౌకాదళం వెళ్లి తీసుకురావలసి వచ్చింది. అందుకని ఫ్లైట్‌కి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో బస ఖాయం చేసుకోండి, వానాకాలమైతే రెండు రాత్రులు. ‘ఫ్లైట్ మధ్యాహ్నం కదా, పొద్దున బోటుకి వచ్చేస్తాం’ అనే లెక్క కాగితం మీద బాగుంటుంది. కానీ ప్రైవేటు బోట్లు ఎక్కువగా రాత్రిళ్లు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటాయి. పొద్దున అక్కడి నుంచి ఒక ట్రిప్పు వచ్చాకే మిమ్మల్ని ఎక్కించుకుంటాయి. ఆ మొదటి ట్రిప్పు ఆలస్యమైతే మీదీ ఆలస్యమే.

స్కూబా చేసేవాళ్లకు ఈ చివరి రాత్రి ఇంకో రకంగానూ అవసరం. డైవ్‌లో ఒంట్లోకి చేరిన నైట్రోజన్ బయటికి పోకముందే విమానం ఎక్కితే ప్రమాదం. చివరి డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య కనీసం 18 గంటలు, వీలైతే 24 గంటలు ఉండాలి. పిల్లలు బీచ్‌లో ఏరుకున్న గవ్వలు, పగడపు ముక్కలు బ్యాగుల్లో ఉంటే రిసార్ట్‌లోనే తీసి ఒడ్డున వదిలేయండి. పగడాలు, చాలా రకాల గవ్వలు వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి, ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో ఆపుతారు.