కేథరిన్ గ్రెయింజర్ వెండి పతకాలు

నిన్న రాత్రి 2008 బీజింగ్ ఒలింపిక్స్ రోయింగ్ ఫైనల్ వీడియో చూశాను. స్కాట్లండ్‌కు చెందిన కేథరిన్ గ్రెయింజర్ ఉన్న బ్రిటన్ పడవే చాలాసేపు ముందుంది. చివర్లో చైనా దాటేసింది. వేదిక మీద బ్రిటన్ పడవలోని నలుగురూ ఏడుస్తుంటే నాకూ కన్నీళ్లు ఆగలేదు. కేథరిన్‌కు సిడ్నీ ఒలింపిక్స్‌లో వెండి, ఏథెన్స్‌లో వెండి, ఇక్కడా వెండే!

రోయింగ్‌లో గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటారు. ముందున్నవాళ్లకు తరుముకొచ్చే పడవలన్నీ ఎదురుగా కనిపిస్తూనే ఉంటాయి. పక్క పడవ ముక్కు కొద్దికొద్దిగా దగ్గరికొచ్చి దాటిపోతుంటే, అది చూస్తూ కూడా తెడ్డు లయ తప్పకూడదు. ఎంత టెన్షనో!

2012లో లండన్ ఒలింపిక్స్‌లో, 36 ఏళ్ల వయసులో కేథరిన్, అన్నా వాట్కిన్స్‌తో కలిసి డబుల్ స్కల్స్ (ఇద్దరు చెరో రెండు తెడ్లతో నడిపే పడవ పందెం) బంగారం గెలిచింది. మరోపక్క హత్య కేసుల్లో శిక్షల మీద కింగ్స్ కాలేజ్ లండన్‌లో పీహెచ్‌డీ కూడా చేసింది. ఈ ఓపిక ఎక్కడిదో!

నాకైతే ఆ బంగారం కన్నా 2016 రియో పతకమే ఎక్కువ ఇష్టం. రెండేళ్లు ఆటకు దూరమై, తిరిగొచ్చి, 40 ఏళ్ల వయసులో విక్టోరియా థార్న్‌లీతో గెలిచింది. అదీ వెండే. ఈసారి మాత్రం మనసారా నవ్వింది.